అసంతృప్తితో వచ్చిన కస్టమర్‌కి డబ్బు వాపసా, పని మళ్ళీ చేయడమా: ఏది మేలు?

కార్ డీటెయిలింగ్‌లో, అంటే బండిని లోపలా బయటా లోతుగా శుభ్రం చేసి మెరిపించే పనిలో, ఫిర్యాదు చాలాసార్లు బండి అప్పగించిన రోజున రాదు. షాపు లైట్ల కింద నిగనిగలాడిన బానెట్ మర్నాడు ఎండలో నిలబెట్టగానే గుండ్రంగా తిరిగిన సన్నని గీతలు చూపిస్తుంది. పోయిందనుకున్న సీటు మరక, లోపలి ఫోమ్ ఆరేకొద్దీ మళ్ళీ పైకి తేలుతుంది. అప్పుడు ఫోన్ వస్తుంది. ఆ ఫోన్‌కి షాపు ఓనర్ల దగ్గర ఉండేవి మూడే దారులు: డబ్బు వెనక్కి ఇచ్చేయడం, పని మళ్ళీ చేసిపెట్టడం, వచ్చేసారి తగ్గించి తీసుకుంటామని సర్దిచెప్పడం.

మూడోదాని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పని నచ్చలేదని చెప్తున్న మనిషిని అదే పనికి మరోసారి రమ్మనడం అది. అతని బండి మీద గీత అలాగే ఉంటుంది, చేతికి రూపాయి కూడా రాదు. దీన్ని పూర్తిగా పక్కన పెట్టేయమనే నా సలహా.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. డబ్బు వాపసు ఇస్తే గొడవ ఆ పూటే ఆగిపోతుంది, టెన్షన్ ఉండదు. కానీ కస్టమర్ మన దగ్గరికి డబ్బు కోసం రాలేదు, శుభ్రమైన కారు కోసం వచ్చాడు. రీఫండ్ తీసుకుని వెళ్ళినా అతనికి ఇంకో షాపు వెతుక్కునే పని మిగిలే ఉంటుంది. పైగా పాలిష్ పట్టిన కుర్రాడికి ఎక్కడ తేడా వచ్చిందో తెలియకుండానే ఫైలు మూసేసినట్టవుతుంది. వచ్చే వారం ఇంకో బండి మీద అదే తేడా వస్తుంది. అందుకే నా మొదటి ఓటు మళ్ళీ చేయడానికే.

లోపలి పని అయితే ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. మరక తిరిగొచ్చిందంటే సీటుకి నీళ్ళు ఎక్కువ పట్టాయని, లోపలి మురికి తడితో పాటు పైకి ఎక్కిందని అర్థం. ఈసారి తక్కువ తడితో ఎక్స్‌ట్రాక్టర్ (నీళ్ళు చల్లి మురికితో సహా వెనక్కి పీల్చే మెషీన్) నడిపి, ఫ్యాన్ పెట్టి బాగా ఆరనిస్తే చాలావరకు పోతుంది. వాసన ఫిర్యాదు మాత్రం వేరు. అది కార్పెట్ కింది తడి నుంచి వస్తోందా, ఏసీ లోపల నుంచి వస్తోందా తేలకుండా సీట్లే మళ్ళీ కడిగితే అదే కస్టమర్ మూడోసారి ఫోన్ చేస్తాడు.

పెయింట్ దగ్గర మాత్రం ‘మళ్ళీ చేస్తాం’ అని నోరు జారకూడదు. రంగు మీద ఉండే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోట్, మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పల్చన. కాంపౌండ్ (గీతలు పోయేలా పెయింట్‌ని అరగదీసే పేస్ట్) పట్టిన ప్రతిసారీ అందులో కొంత అరుగుతుంది, అరిగింది తిరిగి రాదు. పెయింట్ మందం కొలవడానికి షాపుల్లో ఉండే మామూలు గేజ్ ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపిన మందమే చూపిస్తుంది. క్లియర్ కోట్ ఎంత మిగిలిందో విడిగా చెప్పదు. కాబట్టి రీడింగ్ బాగుందని ధీమాగా ఉండటానికీ లేదు. కస్టమర్‌ని సంతోషపెట్టాలని రెండోసారి గట్టిగా పట్టి, డోర్ అంచు దగ్గర రంగు బయటపెట్టుకున్న షాపులు ఉన్నాయి.

అందుకే ముందు ఫిర్యాదు ఏ రకమో చూడాలి. గిర్రున తిరిగే రోటరీ పాలిష్ మెషీన్ వదిలిన హోలోగ్రామ్‌లైతే (ఎండలో కనిపించే మెరుపు చారలు) మెత్తటి ప్యాడ్, ఫైన్ పాలిష్, ఊగుతూ తిరిగే డ్యూయల్ యాక్షన్ మెషీన్‌తో తేలిగ్గా పోతాయి. మారు మాట లేకుండా మళ్ళీ చేయాల్సిందే. గీతల్ని తాత్కాలికంగా దాచే గ్లేజ్ నింపడం వల్ల కప్పబడిన గీతలు నాలుగు వాష్‌లకి బయటపడితే కస్టమర్ చెప్పేది న్యాయమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన ద్రావణంతో తుడిచి చూస్తే గ్లేజ్ పోయి నిజం అక్కడే తెలుస్తుంది. గోరు తగిలి ఆగేంత లోతు గీత అయితే పాలిష్‌తో పోదు. ఆ మాట బండి తీసుకున్న రోజే ఫోటో తీసి చెప్పి ఉంటే, ఇప్పుడు ఓపిగ్గా గుర్తుచేస్తే చాలు. చెప్పకపోతే తప్పు మనదే. ఆ ప్యానెల్‌కి (డోర్, బానెట్ లాంటి ఒక్కో భాగానికి) పడిన డబ్బు వెనక్కి ఇవ్వడమే న్యాయం.

పెయింట్‌కి రక్షణగా వేసే సిరామిక్ కోటింగ్ మీద నీళ్ళు ముత్యాల్లా నిలవట్లేదని వచ్చేవాళ్ళది ఇంకో కథ. చాలాసార్లు కోటింగ్ పోయి ఉండదు, దాని మీద మురికి, నీళ్ళలోని లవణాలు పేరుకుని ఉంటాయి. ముందు ఆ పేరుకున్నది వదిలించే మంచి డీకంటామినేషన్ వాష్ చేసి చూపించాలి. అంతకు ముందే రీఫండ్ మాట ఎత్తడం, కోటింగ్ కొత్తగా వేస్తామనడం రెండూ తొందరపాటే. కొత్తగా వేయాలంటే పాతదాన్ని పాలిష్‌తో తీయాలి, ఆ అరుగుదల మళ్ళీ క్లియర్ కోట్ మీదికే వస్తుంది.

మళ్ళీ చేసేటప్పుడు కస్టమర్ ఎదురుగా ఉంటేనే ఫలితం ఉంటుంది. ఫోన్లో ‘మా దగ్గర్నుంచి వెళ్ళేటప్పుడు బాగానే ఉందండి’ అన్న ఒక్క ముక్కతో సగం గొడవలు ముదురుతాయి. దాని బదులు ‘ఎక్కడ కనిపించిందో వచ్చి చూపిస్తారా అండీ, రేపు పొద్దున పదింటికి వీలవుతుందా?’ అని అడిగితే మనిషి స్వరమే మారిపోతుంది. వచ్చాక బండిని ఎండలో పెట్టి, ఎల్‌ఈడీ లైటు అతని చేతికే ఇచ్చి, అడుగు మేర ఒక్కచోట పాలిష్ చేసి చూపించాలి. ‘ఇంతవరకే వస్తుంది, ఇంకా పడితే పెయింట్‌కి ప్రమాదం’ అని అక్కడ చెప్పిన మాట నమ్ముతాడు. ఒప్పుకుంటేనే మిగతా ప్యానెల్ ముట్టుకోవాలి.

మనవల్ల నష్టం జరిగితే మాత్రం ఈ బేరీజు ఏదీ వర్తించదు. యాసిడ్ వీల్ క్లీనర్‌తో అల్లాయ్ మచ్చలు పడ్డా, అంచున రంగు లేచినా పని డబ్బు వాపసు ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. బాగుచేయించే ఖర్చు, పెయింటింగ్‌తో సహా, షాపే పెట్టుకోవాలి.

నేను రీఫండ్‌ని ముందుకు తెచ్చే సందర్భం ఇంకొకటి ఉంది. ఒకసారి మళ్ళీ చేసిన తర్వాత కూడా అదే లోపం కనిపిస్తే మూడో ప్రయత్నం అడగకూడదు. కస్టమర్ నోరు తెరిచి అడిగేదాకా ఆగకుండా ఆ పనికి తీసుకున్న డబ్బంతా అదే రోజు ఇచ్చేయాలి. గేజ్ రీడింగులు, ఫోటోలు కూడా ఇవ్వాలి. రెండుసార్లు పాలిష్ పడిన పెయింట్ అని తర్వాత ముట్టుకునే షాపుకి తెలియడం ఆ కారుకి అవసరం.