ఇత్తడి సామాను, ఖద్దరు చీరలు పార్సిల్ చేయడానికి ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు

బుడితి ఇత్తడి, కంచు సామాను శ్రీకాకుళం నుంచి బయటి ఊళ్లకు పంపే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. వాటితోపాటు అప్పుడప్పుడు పొందూరు ఖద్దరు చీరలు, పంచెలు కూడా వెళ్తుంటాయి. బజార్లో దొరికే ప్యాకింగ్ సామాను దాదాపు అంతా వాడి చూశాను. వాటిలో దేనికి డబ్బు పెట్టవచ్చో, దేనికి అక్కర్లేదో చెప్తాను.

పార్సిల్లో వస్తువు పాడవడానికి పెద్ద కారణం అది లోపల కదలడమే. అట్టపెట్టె ఎంత గట్టిదైనా లోపల వేలెడు సందు ఉంటే చాలు, బరువైన చెంబు లారీ కుదిపిన ప్రతిసారీ వెళ్లి పెట్టె గోడను గుద్దుకుంటుంది. మూల చిరిగేది అలాగే. చాలామంది బయట బ్రౌన్ టేపు చుట్ట అంతా అయిపోయేదాకా చుడతారు కానీ లోపలి సందు పట్టించుకోరు. ఆ టేపు డబ్బుతో లోపల నింపే కాగితం కొనుక్కోవడం మేలు. టేపు మూత కలిసే చోట ఒక వరస, రెండు అంచుల మీద చెరో వరస పడితే సరిపోతుంది. వేసేముందు అట్ట మీది దుమ్మును పొడిగుడ్డతో తుడవాలి. దుమ్ము మీద వేసిన టేపు మన తీరం తేమకు రెండు రోజుల్లో లేచిపోతుంది.

బబుల్ ర్యాప్‌ను అందరూ మొదట కొంటారు. చిన్న బుడగలది తేలిక సామానుకు బాగా పనిచేస్తుంది. మూడు నాలుగు కిలోల గంటకు మాత్రం పనికిరాదు. బరువు ఆనే చోట బుడగలు పగిలిపోయి, పార్సిల్ చేరేసరికి అక్కడ పల్చటి ప్లాస్టిక్ పొర ఒక్కటే మిగులుతుంది. బరువైన వాటికి నేను ఫోమ్ షీటే వాడతాను. ఖరీదు ఎక్కువే, కానీ అణిగినా మళ్లీ లేస్తుంది, జాగ్రత్తగా విప్పితే ఇంకోసారి కూడా వాడుకోవచ్చు.

అన్నిటికన్నా కష్టమైనది నిలువు దీపపు సెమ్మె. దాన్ని నిలబెట్టి ఉన్నదున్నట్టు చుట్టకూడదు. మరలు తిప్పి అడుగు పీట, కాడ, పై ప్రమిద విడదీయాలి. ముందు దెబ్బతినేది కాడ చివర ఉండే మర. దాని అంచు కాస్త నొక్కుకుపోయినా కొన్నవాళ్లింట్లో సెమ్మె సరిగ్గా బిగుసుకోదు, ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగే ఉంటుంది. అందుకే అట్టముక్కను గొట్టంలా చుట్టి మరకు తొడుగుతాను. తొడుగు మర కొస కన్నా రెండు వేళ్లు పొడవుండాలి. దెబ్బ తగిలితే అట్ట నలుగుతుంది, మర నిలుస్తుంది. ప్రమిద గుంటలో కాగితం ఉండలు కూరి, అంచు చుట్టూ ఫోమ్ రెండు పొరలు వేస్తాను. ఇత్తడిని నేరుగా న్యూస్‌పేపర్లో మాత్రం చుట్టను. ఆ కాగితం తేమ పీలిస్తే మెరుగు మీద నల్లటి మరకలు పడతాయి, తోమినా ఒక పట్టాన పోవు. ముందు అచ్చు లేని తెల్ల కాగితం, ఆ పైన ఫోమ్.

అలా చుట్టిన మూడు ముక్కలనూ ఐదు పొరల అట్టపెట్టెలో, పీటను అడుగున పెట్టి సర్దుతాను. ఆ పెట్టెను ఇంకా పెద్ద పెట్టెలో పెడతాను. రెండింటి మధ్య ఆరు వైపులా రెండంగుళాల జాగా వదిలి కాగితం ఉండలతో గట్టిగా నింపాలి. టేపు వేయకముందే రెండు చేతులతో పట్టుకుని ఊపి చూస్తాను. చిన్న చప్పుడు వచ్చినా మళ్లీ విప్పాల్సిందే. ఒక ప్రైవేటు కొరియర్లో వెళ్లిన పార్సిల్ బయటి పెట్టె మూల పూర్తిగా లోపలికి నొక్కుకుపోయి చేరింది. లోపలి పెట్టెకు గీత కూడా పడలేదు. డబుల్ పెట్టె వల్ల బరువు పెరిగి పోస్టల్ ఛార్జీ కూడా పెరుగుతుంది, కానీ ఖరీదైన వస్తువుకు ఆ ఖర్చు పెట్టాల్సిందే.

వరిగడ్డి మన దగ్గర ఊరికే దొరుకుతుంది, అణిగినా స్ప్రింగులా లేస్తుంది. వేసవిలో బాగా ఎండిన గడ్డి పర్వాలేదు. వానల్లో వద్దు, బూజు పడుతుంది. పలాస నుంచి జీడిపప్పు వచ్చిన పాత పెట్టెలు కూడా ఇంతే. చూడ్డానికి గట్టిగా ఉన్నా ఒకసారి బరువు మోసిన అట్టలో పస ఉండదు. చీరలకైతే వాడుకోవచ్చు.

చీరల పని సులువే. జిప్ కవరు, దాని మీద మూడు పొరల పెట్టె చాలు. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో మాత్రం ఆ ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. తెల్ల ఖద్దరుకు తడి అట్ట రంగు అంటితే ఇక పోదు.

ఇక పోస్టాఫీసు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. రిజిస్ట్రేషన్ కావాలంటే ₹5, ఓటీపీ చెప్తేనే ఇచ్చే డెలివరీకి ఇంకో ₹5, పైన జీఎస్టీ. ఈ రెండూ నేను ప్రతి ఖరీదైన పార్సిల్‌కూ తీసుకుంటాను. అసలు చూసుకోవాల్సింది ఇన్సూరెన్స్. అది లేకుండా పంపిన స్పీడ్ పోస్టు పోయినా పాడైనా వచ్చే పరిహారం, కట్టిన ఛార్జీకి రెండింతలు లేదా ₹1000, రెండిట్లో ఏది తక్కువైతే అది. ₹12,000 కంచు గంటకు అది ఏ మూలకు? బుక్ చేసేటప్పుడే సరైన విలువ చెప్పి ఇన్సూరెన్స్ కట్టండి. కొనుగోలు బిల్లు కాపీ దగ్గర పెట్టుకోండి.

పెట్టె మీద ఎక్కడా ‘ఇత్తడి’, ‘విలువైనది’ అని రాయొద్దు. ‘జాగ్రత్త, పగిలేది’ స్టిక్కర్ అతికిస్తాను కానీ దాన్ని నమ్ముకుని లోపల ఒక పొర తగ్గించను. అడ్రస్ చీటీ ఇంకోటి లోపల కూడా పెట్టాలి, పైది చిరిగితే అదే దిక్కు. పాత పెట్టె అయితే దాని మీది పాత బార్‌కోడ్ పూర్తిగా పీకేయాలి.

టేపు వేసే ముందు ఒక ఫోటో, తూకం మీద పెట్టి ఇంకో ఫోటో తీసి కొన్నవాళ్లకు వాట్సాప్‌లో పంపుతాను. రసీదు మీద బరువు గ్రాములతో సహా ఉంటుంది. అందుకున్నప్పుడు పెట్టె చిరిగి ఉన్నా, తేలికగా అనిపించినా సంతకం పెట్టకముందే పోస్టాఫీసులో తూకం వేయించమని, వాళ్ల ఎదుటే విప్పుతామని అడగమంటాను.