ఎన్‌ఐఈపీఐడీ, సికింద్రాబాద్: ఫౌజీ కుటుంబాలకు నా రివ్యూ

మా ఆయనకి సికింద్రాబాద్ పోస్టింగ్ అనగానే బాబు థెరపీ ఏమవుతుందోనని ఒకటే టెన్షన్. పాత స్టేషన్‌లో చూపించిన సెంటరువాళ్లు రిపోర్టులు ఇమ్మంటే రేపు రండి, ఎల్లుండి రండి అంటూ రైలెక్కేదాకా తిప్పారు. ఇక్కడ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెళ్లాక ప్రాణం కుదుటపడింది. ఆరేళ్లలోపు పిల్లల కోసం 2021లో మొదలైన ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ (ఎదుగుదలలో తేడాని చిన్నప్పుడే పట్టుకుని థెరపీ ఇచ్చే చోటు) ఉంది, స్పీచ్, ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీ అన్నీ ఒకేచోట కాబట్టి పిల్లాణ్ణి చంకనేసుకుని ఊరంతా తిరగక్కర్లేదు.

స్పీచ్ మేడమ్ సబ్బు బుడగలు ఊది టక్కున ఆపేశారు, వాడు ఆమె మొహంలోకి చూసేదాకా ఆగి, చూడగానే మళ్లీ ఊదారు. తర్వాత అదే నాతో చేయించారు, ఇంట్లో రోజూ చేయాలని. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, ఎందుకంటే రేపు ఇంకో ఊరికి మార్చినా ఇది మనతోనే వస్తుంది.

కొత్తగా వచ్చేవాళ్లు యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉంటే తెచ్చుకోండి, దేశమంతా చెల్లుతుంది. బడి వయసు పిల్లలుంటే ఇలాంటి పిల్లల కోసం ఆర్మీవాళ్లు నడిపే ఆశా స్కూల్ కూడా సికింద్రాబాద్‌లోనే ఉంది, కనుక్కోండి. రిపోర్టుల ఫైలు మాత్రం లారీలో సామాన్లతో వేయకండి, చేతిసంచిలోనే ఉంచుకోండి.