హేలో: ఏడు కిలోల టైటానియం ఏం ఆపుతుంది, ఏం ఆపదు

ఈ సమీక్షకు తీసుకున్న వస్తువు దుకాణంలో దొరికేది కాదు, దొరికినా మన కార్లకు పనికొచ్చేదీ కాదు. ఫార్ములా వన్‌లో 2018 నుంచి ప్రతి కారుకూ తప్పనిసరి అయిన హేలో, అంటే డ్రైవరు తల చుట్టూ అమర్చే టైటానియం చట్రం, మొదట్లో నాకు కంటికి నచ్చలేదు. కారు అందమంతా చెడిపోయిందని టీవీ ముందు కూర్చుని చాలాసార్లు విసుక్కున్నాను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు, ప్రేక్షకులు చూడడానికి ఉంచిన ఒక కారు పక్కన నిలబడి దానిని మొదటిసారి దగ్గరగా పరిశీలించాను.

ఎదురుగా చూస్తే సన్నని నిలువు కమ్మి ఒక్కటే కనిపిస్తుంది. అది సరిగ్గా డ్రైవరు ముక్కుకు ఎదురుగా లేచి, పైకి వెళ్లాక రెండుగా చీలి, హెల్మెట్‌కు ఇరువైపులా వంపు తిరిగి, భుజాల వెనుక కారు ఒంట్లోకి దిగిపోతుంది. మూడు చోట్ల మాత్రమే కారుకు బిగించి ఉంటుంది. నా పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు కాసేపు చూసి, "హవాయి చెప్పు పట్టీలా ఉందేమిటండీ" అన్నారు. 2016లో బార్సిలోనా పరీక్షల్లో ఫెరారీ డ్రైవర్ కిమీ రైకొనెన్ కారుకు దీనిని తొలిసారి తగిలించినప్పుడు యూరప్ అభిమానులు చేసిన ఎగతాళి కూడా ఇదే కాబట్టి, ఆయనకు బదులు చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

ఫార్ములా వన్ హేలో బరువు సుమారు ఏడు కిలోలు. దీనిని జట్లు సొంతంగా తయారు చేసుకోవడానికి వీల్లేదు. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య, అంటే ఎఫ్ఐఏ, ఆమోదించిన తయారీదారుల దగ్గరే కొనాలి. గాలి సాఫీగా పోవడానికి పైన పలుచని తొడుగు వేసుకోవడం వరకే జట్ల స్వేచ్ఛ. పైనుంచి సుమారు 12 టన్నుల బరువు మోపినా ఇది నిలబడాలి. మెర్సిడెస్ సాంకేతిక అధిపతిగా ఉన్న జేమ్స్ ఆలిసన్ ఆ బరువును లండన్ డబుల్ డెక్కర్ బస్సుతో పోల్చారు. హైదరాబాద్ రేసు జరిగిన ఆ వారంలోనే మన నగరంలోనూ ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు మళ్లీ రోడ్డెక్కాయి. సాగర్ పక్కన వాటిని చూసి, అంత బస్సును ఈ కమ్మి మోస్తుందా అని కొలిచి చూసుకున్నవాళ్లలో నేనూ ఒకడిని.

చక్రాలు బయటికి ఉండే కార్లలో ఒక చక్రం మరో చక్రాన్ని ఎక్కితే వెనుక కారు అమాంతం గాలిలోకి లేస్తుంది. విరిగిన చక్రమో, కారు ముక్కు భాగమో ఎగిరితే అడ్డుకునే పైకప్పు ఉండదు. కార్బన్ ఫైబర్ దేహం కాళ్లను, ఛాతీని కాపాడింది. 2003లో తప్పనిసరి అయిన హాన్స్, అంటే హెల్మెట్ ముందుకు విసురుగా పోకుండా పట్టి ఉంచే పరికరం, మెడను కాపాడింది. తల ఒక్కటే బయట మిగిలిపోయింది. 2009 జులై 19న ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హ్యాచ్‌లో జరిగిన ఫార్ములా టూ, అంటే ఫార్ములా వన్‌కు కింది స్థాయి, రేసులో మరో కారు నుంచి ఊడిన చక్రం తలకు తగిలి హెన్రీ సర్టీస్ మరణించాడు. 1964 ప్రపంచ విజేత జాన్ సర్టీస్ కుమారుడతడు, వయసు 18. ఆరు రోజుల తర్వాత హంగరీలో ముందు కారు నుంచి ఊడిన స్ప్రింగ్ ఫార్ములా వన్ డ్రైవర్ ఫెలిపే మాసా హెల్మెట్‌ను తాకింది. అతను బతికి బయటపడ్డాడు. 2015 ఆగస్టులో అమెరికాలోని పొకోనోలో, అక్కడి ఇండీకార్ రేసులో, ఎగిరివచ్చిన కారు ముక్కు భాగం తగిలి జస్టిన్ విల్సన్ ప్రాణాలు కోల్పోయాడు.

ఇన్ని జరిగాక కూడా హేలోకు స్వాగతం దొరకలేదు. పారదర్శకమైన కవచం ఒకటి ప్రయత్నించారు గానీ, 2017లో సిల్వర్‌స్టోన్‌లో దానితో కారు నడిపిన సెబాస్టియన్ వెటెల్ తల తిరుగుతోందని చెప్పి వెంటనే తీయించేశాడు. చివరికి చాలా జట్లకు ఇష్టం లేకపోయినా ఎఫ్ఐఏ భద్రతను కారణంగా చూపి హేలోను ఖాయం చేసింది. రంపం ఇస్తే కోసి పారేస్తానన్నంత మాట మెర్సిడెస్ అధినేత టోటో వోల్ఫ్ నోట వచ్చింది. వ్యతిరేకించిన డ్రైవర్లలో రొమాన్ గ్రోజాన్ ఒకడు.

2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో మొదటి ల్యాపులోనే గ్రోజాన్ నడుపుతున్న హాస్ జట్టు కారు మరో కారుకు తగిలి, పక్కకు తిరిగి, గంటకు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప గార్డ్ రైల్‌ను ఢీకొట్టింది. దెబ్బ తీవ్రత 67 జీ, అంటే ఆ క్షణంలో అతని ఒంటి మీద పడిన బలం అతని బరువుకు 67 రెట్లు. కారు రెండు ముక్కలై వెనుక భాగం ట్రాక్ వైపే ఉండిపోగా, డ్రైవరున్న ముందు భాగం గార్డ్ రైల్ పట్టీలను చీల్చుకుని అవతలికి దూరింది. వెంటనే మంటలు లేచాయి. ఆ పట్టీలు సరిగ్గా తల ఎత్తులో ఉన్నాయి, వాటిని విడదీసి దారి చేసింది హేలోయే. హేలో ఉంటే మంటల్లో డ్రైవరు త్వరగా బయటికి రాలేడన్నది అంతవరకు విమర్శకుల చేతిలోని పెద్ద అస్త్రం. గ్రోజాన్ ఎడమ బూటు ఇరుక్కుపోతే దానిని అక్కడే వదిలేసి, 27 సెకన్లలో ఆ చట్రం సందులోంచే పైకి వచ్చాడు. మొదటి ల్యాపులో కార్ల వెనుకే వచ్చే వైద్య వాహనంలోని డాక్టర్ ఇయాన్ రాబర్ట్స్ అతనికి చెయ్యి అందించారు. రెండు చేతులు కాలాయి. హేలో లేకుంటే తాను మాట్లాడడానికి ఉండేవాడిని కానని ఆసుపత్రి నుంచి గ్రోజానే చెప్పాడు.

మిగిలిన ఉదాహరణలు క్లుప్తంగా చెబుతాను. 2018లో బెల్జియంలోని స్పా ట్రాక్‌లో అలాన్సో కారు షార్ల్ లెక్లెర్ తల మీదుగా ఎగిరిపోయింది, హేలో మీద టైరు గీతలు మిగిలాయి. 2021లో ఇటలీలోని మోంజాలో వెర్‌స్టాపెన్ కారు వెనుక చక్రం హామిల్టన్ హేలో మీద ఆగింది. 2022 జులై 3న సిల్వర్‌స్టోన్‌లో ఉదయం ఫార్ములా టూ రేసులో ఒకటి, మధ్యాహ్నం ఫార్ములా వన్ రేసులో ఒకటి, ఒకే రోజు రెండు ప్రాణాలు దక్కాయి. మధ్యాహ్నం తలకిందులైన జో గ్వాన్యూ కారులో, తల వెనుక ఉండే రోల్ హూప్ విరిగిపోయింది. హేలో మాత్రం అలాగే నిలిచింది.

వాడుకలో ఇబ్బంది గురించి ఒక మాట. కళ్ల ముందే కమ్మి ఉంటే దారి ఎలా కనిపిస్తుందని అందరూ అడుగుతారు. ఒక పెన్సిల్‌ను ముక్కుకు ఎదురుగా జానెడు దూరంలో నిలువుగా పట్టుకుని గోడ మీది క్యాలెండర్‌ను చూడండి. కుడికన్నుకు దాగిన అంకె ఎడమకన్నుకు కనిపిస్తుంది, పెన్సిల్ దాదాపు మాయమవుతుంది. రేసు నడిపేవారి చూపు ఎప్పుడూ దూరం మీదే ఉంటుంది గనుక ఇది వారికి అడ్డు కాలేదు. బరువు, అందం గురించిన ఫిర్యాదులు నిజమైనవే గానీ, వాటికి మార్కులు తగ్గించే మనసు నాకు లేదు.

మార్కులు తగ్గించవలసింది ఈ వస్తువు మీద పెట్టుకున్న అతి నమ్మకానికి. హేలో సందుల్లోంచి మాసాకు తగిలినంత స్ప్రింగ్ సులువుగా దూరగలదు. ఆ భారం ఇప్పటికీ హెల్మెట్‌దే. ఇండీకార్ వాళ్లు 2020లో టైటానియం చట్రానికి ముందు పారదర్శక తెర కలిపి ఏరోస్క్రీన్ తెచ్చారు. చిన్న ముక్కల విషయంలో అదే మెరుగు. కాకపోతే లోపల ఉక్కపోత ఎక్కువని డ్రైవర్లు మొత్తుకున్నారు. పక్కనుంచి వచ్చే దెబ్బకు హేలో చేయగలిగింది తక్కువ. 2019 ఆగస్టు 31న స్పాలో ఫార్ములా టూ డ్రైవర్ ఆంత్వాన్ ఊబేర్ మరణించాడు. అతను నడిపింది హేలో ఉన్న కారునే. బ్యారియర్‌ను తాకి వెనక్కి వచ్చిన అతని కారు నడుముకు మరో కారు అడ్డంగా గుద్దింది. 2023 జులై 1న అదే ట్రాక్ మీద, నీటి తుంపరల్లో ముందు కారే కనిపించని వానలో, యువ డ్రైవర్ డిలానో వాన్ట్ హోఫ్ కూడా హేలో ఉన్న కారులోనే ప్రాణం వదిలాడు.

హేలో రాకముందు ఫార్ములా వన్ నడిపిన జూల్స్ బియాంకి సంగతి మరీ బాధాకరం. 2014 అక్టోబర్ 5న జపాన్‌లోని సుజుకాలో వానలో జారిన అతని కారు, ఆగిపోయిన మరో కారును తీస్తున్న ట్రాక్టర్ కిందికి దూరింది. తొమ్మిది నెలలు కోమాలో ఉండి 2015 జులైలో కన్నుమూశాడు. అంత బలమైన దెబ్బకు కాక్‌పిట్ మీది కప్పు పరిష్కారం కాదని విచారణ సంఘం తేల్చింది. అక్కడ కావలసింది వేగం తగ్గించే నియమం, అదే 2015లో వర్చువల్ సేఫ్టీ కారుగా, అంటే ప్రమాదం జరిగితే ట్రాక్ మీది కార్లన్నీ వేగం తగ్గించాలనే నియమంగా, వచ్చింది. 2022లో అదే సుజుకాలో, అలాంటి వానలోనే, ట్రాక్ మీద ట్రాక్టర్ ఉండగా దాని పక్కనుంచి డ్రైవర్ పియెర్ గాస్లీ దూసుకుపోవలసి వచ్చింది. ఆ పూట గాస్లీ రేడియోలో వెళ్లగక్కిన కోపం నాకు అతిగా అనిపించలేదు. కమ్మిని ఎంత గట్టిగా బిగించినా, ట్రాక్టర్‌ను ఎప్పుడు బయటికి పంపాలో నిర్ణయించేది రేస్ కంట్రోల్ గదిలో కూర్చున్న మనుషులే.

ఐదుకు నాలుగున్నర ఇస్తున్నాను. తగ్గించిన అర మార్కు ఆ సందులకు. ఇప్పుడు చెన్నై దగ్గరి ట్రాక్ మీద ఇండియన్ ఫార్ములా ఫోర్ కార్లకూ హేలో ఉంది. వాటిలో కూర్చునేవారిలో హెన్రీ సర్టీస్ కన్నా చిన్నవాళ్లు ఉన్నారు.