గాలి ట్యాంకు కొనేవాళ్లూ, ముందు పెయింటు గీకి చూడండి

షాపు పేరు రాయను. లాయరుతో మాట్లాడేదాకా నోరు మూసుకోమని మా బావగారి ఆర్డరు. విజయవాడలో కంప్రెసర్ ట్యాంకులు కొనేవాళ్లకి నేను ఎవరి గురించి చెబుతున్నానో రెండు లైన్లు చదివేసరికి ఎలాగూ అర్థమవుతుంది. "సార్, మనది కోడ్ పని, కంటికద్దుకుని తీసుకెళ్తారు" అంటాడు చూడండి, ఆయనే. కోడ్ అంటే ప్రెజరు ట్యాంకు ఎలా కట్టాలో చెప్పే నిబంధనలు.

నాది ఆటోనగర్‌లో లారీలకి పెయింటింగ్ షెడ్డు. పాత ట్యాంకు తుప్పు పట్టిపోతే కొత్తది చేయించాను. 500 లీటర్లు, 600 ఎంఎం డయా, 12 కేజీల డిజైన్ ప్రెజరు (ట్యాంకు తట్టుకునేలా కట్టాల్సిన ఒత్తిడి, చదరపు సెంటీమీటరుకి ఇన్ని కేజీలని లెక్క), 6 ఎంఎం ప్లేటు. ఇదంతా ఆయన సొంత చేత్తో చిట్టీ మీద రాసిచ్చిందే. ట్యాంకు 38,000, హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష) సర్టిఫికెట్‌కి విడిగా 3,000. బిల్లు అడిగితే "మనలో మనకి బిల్లేంటండీ" అన్నాడు. ట్రాలీ ఆటోలోంచి దించిన కుర్రాళ్లు "తేలిగ్గానే ఉందే" అన్నారు. నేను మురిసిపోయి వాళ్లకి టీ కూడా ఇప్పించాను. తెలివంటే మనదే మరి.

మధ్యాహ్నం కంప్రెసర్ ఆపి భోజనం చేసి వస్తే గేజి ముల్లు దిగిపోయి ఉండేది. వాల్వు మార్చాం, పైపు యూనియన్లు బిగించాం, టెఫ్లాన్ టేపు చుట్టాం. చివరికి సబ్బు నీళ్లు కొడితే ట్యాంకు నిలువు జాయింటు (గొట్టం పొడవునా ఉండే అతుకు) మీద బుడగలు. అక్కడ పెయింటు గీకాను. కింద పుట్టీ! లారీ క్యాబిన్ సొట్టలకి నేను పెట్టే పుట్టీయే. స్క్రూడ్రైవరు మొనతో తీస్తే చిన్న చిన్న చిల్లులు. గాలి మొత్తం వదిలేసి హ్యాండ్ హోల్ మూత విప్పి టార్చి వేస్తే లోపలి వైపు అసలు వెల్డింగే లేదు. రెండు ప్లేట్ల అంచుల మధ్య గీత కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది. పైనించి రాడ్డు తిప్పి, గ్రైండరు పట్టి, చిల్లులకి పుట్టీ పెట్టి, నీలం రంగు కొట్టి ఇచ్చేశాడన్నమాట.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. గోళం కాకుండా ఇలా గొట్టంలా ఉండే ట్యాంకులో గాలి చుట్టు వైపు లాగే లాగుడు పొడవు వైపు లాగేదానికి రెట్టింపు ఉంటుంది. అంటే భారమంతా ఆ నిలువు జాయింటు మీదే. అందుకే దాన్ని బయటా లోపలా రెండు వైపులా వెల్డింగ్ చేయాలి. ఈ మహానుభావుడు సరిగ్గా అక్కడే చెయ్యి మడుచుకున్నాడు.

మా తోడల్లుడు ఇబ్రహీంపట్నం థర్మల్‌లో ఓవర్‌హాలింగ్ కాంట్రాక్టుల్లో ట్యూబుల మందం చూసే పని చేస్తాడు. అల్ట్రాసోనిక్ గేజి పట్టుకొచ్చి పెట్టాడు. షెల్, అంటే గొట్టం భాగం, 4.1 ఎంఎం. చివర గిన్నెలా మూసే డిష్ వంపు దగ్గర 3.2. నా ఎదురుగానే లెక్క కట్టాడు. ఎక్స్‌రే తీయని జాయింటుకి 70 శాతం బలమే లెక్కలోకి తీసుకుంటారట. మామూలు ఐఎస్ 2062 రకం స్టీలు ప్లేటుతో, ఆ 12 కేజీలకి, ఉత్త షెల్లే 4.4 ఎంఎం ఉండాలి. ట్యాంకు అడుగున నీళ్లు దిగుతాయి కాబట్టి తుప్పుకని ఇంకో ఒకటిన్నర. వెరసి 6. చిట్టీ మీద రాసిన 6 ఊరికే రాసింది కాదన్నమాట, లెక్క ఆయనకీ తెలుసు. తెలిసే 4 వేశాడు. పైగా ఆ 70 శాతం కూడా రెండు వైపులా వెల్డింగ్ చేసినదానికే. మనదానికి ఎంతో ఆ దుర్గమ్మకే తెలియాలి.

ఆ పుట్టీ పెచ్చులు కాగితంలో పొట్లం కట్టుకుని షాపుకి వెళ్లాను. గొడవకి కాదు, మార్చి ఇమ్మని అడగడానికే. కుర్చీలోంచి లేవలేదు. పొట్లం విప్పి చూసి, పనివాళ్లందరికీ వినపడేలా ఏమన్నాడో తెలుసా?

"పెయింటింగ్ షెడ్డు పెట్టుకుని పుట్టీ చూసి భయపడతారేంటండీ? మీరు లారీలకి పెట్టట్లేదా?"

అందరూ నవ్వారు. గ్రైండరు ఆపి మరీ నవ్వాడొకడు.

ఏవండీ, నేను లారీ డోరుకి పెట్టిన పుట్టీ ఊడితే డ్రైవరు వచ్చి నన్ను నాలుగు తిడతాడు. అంతే. ఎనిమిది కేజీల గాలి పట్టి ఉన్న ట్యాంకు మీది పుట్టీ, అదీ ఇదీ ఒకటేనా? ఆ ట్యాంకుకి మూడడుగుల దూరంలో కూర్చుని మా కుర్రాడు స్ప్రే గన్ను కడుక్కుంటాడు. వాడికి నిరుడే పెళ్లయింది. ఇదే అంటే "పేలిందా? పేలలేదుగా. గాలే కదండీ, గ్యాసా ఏమన్నానా" అన్నాడు. గాలేనట! 500 లీటర్ల ట్యాంకులో 10 కేజీల గాలి ఒక్కసారిగా బయటపడితే వచ్చే శక్తి సుమారు 150 గ్రాముల టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానం. అందుకే ట్యాంకుని నీళ్లు నింపి టెస్టు చేస్తారు, గాలితో కాదు. నీళ్లు నొక్కుకోవు, పగిలినా ఓ చిమ్ము చిమ్మి ఊరుకుంటాయి. గాలి అలా కాదు.

టెస్టు మాట వచ్చింది కాబట్టి ఆ 3,000 సర్టిఫికెట్ సంగతి వినండి. 18 కేజీల దగ్గర అరగంట నిలబెట్టారట, లీకు లేదట, కింద సంతకం, గుండ్రటి స్టాంపు. కోడ్ ప్రకారం డిజైన్ ప్రెజరుకి 1.3 రెట్లు చాలు, అంటే 15.6. ఈయన ఉదారంగా ఒకటిన్నర రెట్లు పెట్టాడు, కాగితమే కదా. ఇంటికొచ్చి తేదీ చూశాను. అదే తేదీన "పని జోరుగా సాగుతోంది సార్" అని ఆయనే నాకు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఫోటోలో నా ట్యాంకుకి ఒక వైపు డిష్ ఇంకా అతికించలేదు! అవతల గోడ కనిపిస్తోంది అందులోంచి. అడుగు లేని బిందెలో నీళ్లు ఎలా నిలబెట్టావు నాయనా అని ఫోన్ చేస్తే "డేటు టైపింగ్ మిస్టేకండీ" అని పెట్టేశాడు. అప్పటినించి నా నంబరు బ్లాకు. సర్టిఫికెట్‌లో ఉన్న సీరియల్ నంబరు ట్యాంకు మీద ఎక్కడా లేదు. అసలు నేమ్‌ప్లేటే లేదు, రెండు రివెట్ చిల్లుల గుర్తులు తప్ప.

ట్యాంకు ఇప్పుడు షెడ్డు వెనక డ్రెయిన్ వాల్వు తెరిచి పడుంది. తుక్కుకి వేస్తే ఎవడో మళ్లీ రంగు కొట్టి అమ్ముతాడని అదీ వేయలేదు, నిలువునా కోయించాకే వేస్తాను. నోటీసు పంపిస్తున్నాం. వ్యాపారం కోసం కొన్నది వినియోగదారుల కమిషన్‌లో చెల్లదంటారు గానీ, సొంతంగా పని చేసుకుని బతికేవాడు బతుకుతెరువు కోసం కొన్నదానికి 2019 చట్టంలో వెసులుబాటు ఉందట. బిల్లు లేదు కాబట్టి చిట్టీ, వాట్సాప్, ఫోన్‌పే ఇవే మన ఆస్తి.

కొనేవాళ్లు ఇవి మాత్రం చేయండి. హైడ్రో టెస్టు మీ కళ్ల ముందే, పెయింటు కొట్టకముందే చేయించుకోండి. లోపల టార్చి వేసి చూడండి. ప్లేటు తయారుచేసిన మిల్లు ఇచ్చే సర్టిఫికెట్ అడగండి, అందులోని హీట్ నంబరు (ఆ స్టీలు ఏ విడత కరిగించిందో చెప్పే నంబరు) ప్లేటు మీద పంచ్ అయి ఉందో లేదో చూసుకోండి. ఏదీ కుదరకపోతే కాటా అయినా వేయించండి: చదరపు మీటరుకి ఒక ఎంఎం మందం ప్లేటు 7.85 కేజీలు తూగుతుంది, 6కీ 4కీ తేడా అక్కడే తేలుతుంది. ఫ్యాక్టరీ లైసెన్సు ఉన్నవాళ్లకయితే భద్రతా చట్టం ఉండనే ఉంది, ఇలాంటి ట్యాంకు పెట్టుకుంటే ముందు ఇరుక్కునేది మీరే.

ఇంకో మాట. గత ఏడాదిలో ఆ షాపులో ట్యాంకు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ సర్టిఫికెట్ తీసి సీరియల్ నంబరు చూడండి. చివర 0117 ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. నాదీ అదే. ముందు మాత్రం గాలి వదిలేయండి.