టోక్యో గిటార్ వీధిలో: ఏ కొట్టు, ఏ బస, ఏ పికప్

గిటార్ కొనడానికి టోక్యో దాకా వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్‌లోనూ, బెంగళూరులోనూ మంచివే దొరుకుతున్నాయి. కాకపోతే మన దగ్గర ఒక మోడల్ కొట్లో ఉంటే, దానికి పోటీ అయిన మోడల్ ఆర్డర్ పెడితే గానీ రాదు. రెండూ ఒకే పూట, ఒకే ఆంప్‌లో (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టెలో) వాయించి చూసే వీలు తక్కువ. ఆఫీసు పని మీద జపాన్ ప్రయాణం తగలడంతో చివర్లో సెలవు కలుపుకుని ఈ పని పెట్టుకున్నాను.

మా బ్యాండ్ వారాంతాల్లో ఫంక్షన్లకు వాయిస్తుంది. ఒక మెలోడీకి గణగణలాడే క్లీన్ టోన్ కావాలి, ఆ వెంటనే మాస్ పాటకు మందంగా, బొంగురుగా పలికే డిస్టార్షన్, మధ్యలో ఎవరో చీటీ పంపిన పాటకు ఫంక్ రిథమ్. గిటార్ మార్చుకునేంత టైమ్ యాంకర్ ఇవ్వడు. కాబట్టి ఒక్క గిటార్‌తోనే అన్నీ పలకాలి.

దిగాల్సిన స్టేషన్ ఒచనోమిజు. జేఆర్ అనే రైల్వే సంస్థ చువో, సోబు లైన్ల రైళ్లు రెండూ ఇక్కడ ఆగుతాయి. బయటికొచ్చి మెయిదై దోరి అనే వీధిలో కిందికి నడవడమే. మెయిజి యూనివర్సిటీ కూడా ఈ వీధిలోనే ఉంది. రెండు వైపులా గిటార్ కొట్లు, చాలావరకు ఇరుకైన బహుళ అంతస్తుల భవనాలు. ఒక అంతస్తులో అకూస్టిక్, పైన ఎలక్ట్రిక్, ఇంకా పైన బేస్. కురొసావా, ఇషిబాషి, షిమొకురా లాంటి పేరున్న కొట్లన్నీ నడక దూరంలోనే. పొద్దున్నే వెళ్లి ప్రయోజనం లేదు, పదకొండు ప్రాంతంలో గానీ షట్టర్లు లేవవు. అందాకా 1891లో కట్టిన నికొలాయ్ చర్చి చూడొచ్చు, లేదంటే వీధి చివరి దాకా దిగి జింబోచో పాత పుస్తకాల కొట్లలో తిరగొచ్చు.

అక్కడ గోడ మీది గిటార్ మనంతట మనం తీయకూడదు, అడగాలి. ఒక కొట్లో నాకు గిటార్లు చూపించిన కుర్రాడు గిటార్ దించి, గుడ్డతో తుడిచి, క్లిప్ ట్యూనర్ తగిలించి ఆరు తీగలూ శ్రుతి చేశాడు. ఆంప్ వాల్యూమ్ సున్నాలో పెట్టి, కేబుల్ గుచ్చి, మెల్లగా పెంచి, ఒకసారి తీగ మీటి విని, అప్పుడు రెండు చేతులతో అందించాడు. అందిస్తూ, గిటార్ వెనక గీత పడుతుందేమోనని నా బెల్టు బకిల్ వైపు చూసి మొహమాటంగా నవ్వాడు. చొక్కా బయటికి లాగి బకిల్ మీద కప్పుకున్నాక గానీ గిటార్ వదల్లేదు. అతనికి ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు జపనీస్ సున్నా, ఫోన్‌లోని అనువాదం యాప్‌తో పని జరిగిపోయింది. కొనమని ఒత్తిడి లేదు. నాలుగు వాయించి ఏదీ తీసుకోకుండా లేచినా అదే వంగి దండం.

ఒక్క విషయం మాత్రం పట్టుబట్టి అడగండి: రోలాండ్ జేసీ-120 ఆంప్. 1975లో వచ్చిన మోడల్, ఇప్పటికీ తయారవుతోంది, మన ప్రాక్టీస్ స్టూడియోల్లోనూ కనిపిస్తుంది. ఖరీదైన వాల్వ్ ఆంప్‌లో ఏ గిటారైనా ముద్దొస్తుంది. జేసీ అలా కాదు, ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.

ఇక పికప్‌ల సంగతి. పికప్ అంటే తీగల కింద ఉండి, వాటి కదలికను ఆంప్‌కు వెళ్లే కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంతం, తీగచుట్ట. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ మెరుపుగా, స్పష్టంగా పలుకుతుంది, కానీ కరెంటు రొదను కూడా పట్టేస్తుంది. ఆ రొద పోగొట్టడానికే 1950ల్లో గిబ్సన్‌లో సెత్ లవర్ రెండు కాయిల్స్‌ను ఎదురెదురుగా కలిపి హమ్‌బకర్ చేశాడు. రొద పోయింది, శబ్దం లావెక్కింది, పైన ఉండే మెరుపు కొంత తగ్గింది. రెండూ ఒకే గిటార్‌లో కావాలంటే ఎక్కువమంది వెళ్లే దారి హెచ్ఎస్ఎస్: బ్రిడ్జ్ (తీగలు ఒళ్లు మీద ఆనే చోటు) దగ్గర హమ్‌బకర్, మధ్యలో, నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడుగు భాగం) దగ్గర సింగిల్ కాయిల్స్. హమ్‌బకర్‌లో ఒక కాయిల్‌ను ఆపేసే కాయిల్ స్ప్లిట్ స్విచ్ కూడా చాలావాటిలో ఉంటుంది.

అసలు పరీక్ష ఆ స్ప్లిట్ దగ్గరే. ఒక కార్డ్ పట్టుకుని స్విచ్ లాగి చూడండి. చాలా గిటార్లలో వాల్యూమ్ ఒక్కసారిగా పడిపోతుంది, శబ్దం పీలగా, రేకు మోతలా అయిపోతుంది. కొట్లో అది పెద్ద లోపం అనిపించదు. స్టేజ్ మీద డ్రమ్స్, కీబోర్డు నడుస్తుండగా ఆ పీల శబ్దం ఎవరికీ వినపడదు, సౌండ్ అబ్బాయి ఫేడర్ పెంచేలోపు చరణం అయిపోతుంది. అందుకే నేను ఎన్ని టోన్లు ఉన్నాయని లెక్కపెట్టలేదు. ఒక టోన్ నుంచి ఇంకోదానికి వెళ్తే వాల్యూమ్ ఎంత ఎగుడుదిగుడు అవుతోందో విన్నాను.

ఐబనెజ్ కంపెనీ ఏజెడ్ సిరీస్ గిటార్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకుని వెళ్లాను. పికప్‌లను ఎంచుకునే అయిదు స్థానాల స్విచ్ పక్కన చిన్న టాగిల్ స్విచ్ ఇంకొకటి ఉంటుంది. కాయిల్స్‌ను సీరీస్‌లో, పారలల్‌లో రకరకాలుగా కలిపి తొమ్మిది శబ్దాలు ఇస్తుంది. నెక్ చేతికి వెన్నలా ఉంది, పనితనానికి వంక పెట్టలేం. కానీ తొమ్మిదింటిలో నాలుగైదే నాకు పనికొచ్చేవి, మిగతావి పక్కదానికి కవల పిల్లలు. పైగా పాట మధ్యలో రెండు స్విచ్‌ల కలయిక గుర్తుపెట్టుకోవడం నాతో అయ్యే పని కాదు. స్టూడియోలో కూర్చుని తీరిగ్గా రికార్డ్ చేసేవాళ్లకు మాత్రం నిధి.

యమహా రెవ్‌స్టార్ గిటార్లలో పీ-90 పికప్‌లున్న మోడల్ వాయించాక కాసేపు మనసు మారింది. పీ-90 కూడా సింగిల్ కాయిలే, కానీ వెడల్పైనది. గరుకుగా, నిండుగా, గొంతు జీరబోయినట్టు పలుకుతుంది. అంత అందమైన శబ్దం ఆ ప్రయాణంలో ఇంకోటి వినలేదు. కాకపోతే డిస్టార్షన్ కోసం ఆంప్‌లో గెయిన్ పెంచితే రొద కూడా పెరుగుతుంది. సీరియల్ లైట్లు, ఎల్ఈడీ తెరలు, జనరేటర్ మధ్య వాయించేవాడికి అది కుదరదు. బాధగానే తిరిగిచ్చేశాను.

టోక్యోలోనే హరజుకు అనే పేటలో గిటార్ కంపెనీ ఫెండర్ ఫ్లాగ్‌షిప్ షోరూమ్ ఉంది, 2023లో తెరిచారు. ఆ కంపెనీకి ప్రపంచంలోనే అలాంటి మొదటి షోరూమ్. చూడటానికి బ్రహ్మాండం, అద్దాల్లో గిటార్లు నగల్లా ఉంటాయి. కొనడానికి మాత్రం నా ఓటు ఒచనోమిజుకే. హరజుకులో ఒకే కంపెనీ సరుకు, పోల్చుకోవడానికి ఏముంది? అయితే ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ గిటార్ స్విచ్ రెండు, నాలుగు స్థానాల్లో ఎలా పలకాలో చెవికి పట్టాలంటే అక్కడో గంట గడపడం మంచిదే. ఆ స్థానాల్లో రెండు పికప్‌లు కలిసి మోగుతాయి. మధ్య పికప్‌ను తిరగేసి చుట్టి ఉంటే రొద కూడా చాలావరకు కొట్టుకుపోతుంది. కొత్త గిటార్లలో ఎక్కువగా ఇలాగే చుడుతున్నారు.

పాత గిటార్లమ్మే కొట్టు ఒకదాంట్లో మాత్రం మనసు విరిగింది. చీటీ మీద కండిషన్ బాగుందని రాసుంది, చేతికిస్తే తీగలు తుప్పు, స్విచ్ కదిపితే కరకర. అడిగితే సెటప్‌కు వేరే డబ్బు అన్నారు. మిగతా చోట్ల సెకండ్ హ్యాండ్ సరుకు కూడా కొత్తదానిలా మెరుస్తోంది, కాబట్టి మొదట కనిపించిన దగ్గరే తొందరపడనక్కర్లేదు.

చివరికి నాతో వచ్చింది యమహా పసిఫికా స్టాండర్డ్ ప్లస్. 2024లో వచ్చిన మోడల్, పికప్‌లు రూపర్ట్ నీవ్ డిజైన్స్ అనే ఆడియో పరికరాల కంపెనీతో కలిసి తయారుచేసినవి. టోన్ నాబ్ పైకి లాగితే హమ్‌బకర్ స్ప్లిట్ అవుతుంది. వాల్యూమ్ తగ్గుతుంది కానీ మాయమైపోదు, నాకు కావాల్సింది అదే. నాబ్ చిటికెనవేలికి అందుతుంది, చెమట చేత్తో లాగితే మాత్రం జారుతుంది. దీని అన్నగారు పసిఫికా ప్రొఫెషనల్ జపాన్‌లో తయారవుతుంది, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. నాది ఇండోనేషియాలో తయారైనది. జపాన్ పోయి ఇండోనేషియా గిటార్ తెచ్చావా అని మా డ్రమ్మర్ ఇప్పటికీ వదలడు.

బస గురించి. మొదట నిషి-కసాయ్‌లో దిగాను. టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే పేట, దక్షిణాది భోజనం దొరుకుతుంది. తొజాయ్ లైన్‌లో ఇదాబాషి వెళ్లి సోబు లైన్ మారితే ఒచనోమిజు రెండో స్టాప్. గదిలో మాత్రం గోడలు అట్టముక్కలు, పక్కవాడి అలారానికి నేను లేచేవాణ్ని. తర్వాత ఒచనోమిజులోనే బిజినెస్ హోటల్‌కు మారాను. అద్దె ఎక్కువ, గది ఎంతంటే గిటార్ కేసు తెరవాలంటే మంచం మీదే తెరవాలి. అయినా కొట్టుకు, గదికి మధ్య అయిదు నిమిషాల నడక ఉండటం వేరు. పొద్దున వాయించినది మధ్యాహ్నం తాజా చెవితో మళ్లీ వినొచ్చు. గిటార్ కోసమే వెళ్తే ఇక్కడే ఉండండి. శాకాహారులు ఒక్కటి గమనించాలి: జింబోచోలో కర్రీ హోటళ్లు చాలా ఉన్నాయి గానీ, జపాన్ కర్రీ ముద్దలో బీఫ్ కొవ్వు ఉండే అవకాశం ఎక్కువ. కూరగాయల కర్రీ అని రాసున్నా అడిగే తినండి.

హమమత్సు కూడా వెళ్లొచ్చాను. యమహా ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు, టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైళ్లలో హికారి అనేది ఎక్కితే గంటన్నర. స్టేషన్ దగ్గరి వాద్యాల మ్యూజియంలో ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన వెయ్యికి పైగా వాద్యాలున్నాయి. యమహా సొంత ప్రదర్శనశాల ఇన్నోవేషన్ రోడ్‌కు టికెట్ లేదు, ముందుగా బుక్ చేసుకోవాలి. సంగీతం ఇష్టమైతే తప్పకుండా వెళ్లండి. కొనుగోలుకైతే రైలు ఖర్చు దండగ. ఇంకో చిత్రం, టోక్యో కరెంటు మనలాగే 50 హెర్ట్జ్, హమమత్సు వైపు 60. సింగిల్ కాయిల్ రొద అక్కడ పై శ్రుతిలో ఉంటుంది.

పన్ను 10 శాతం. టూరిస్టుగా వెళ్లినవాళ్లు పాస్‌పోర్ట్ చూపిస్తే కౌంటర్ దగ్గరే తగ్గిస్తారు. 2026 నవంబర్ 1 నుంచి పద్ధతి మారుతోంది. ముందు మొత్తం కట్టి, తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ తనిఖీ అయ్యాక వెనక్కి తీసుకోవాలి, కాబట్టి ఆ రోజు టైమ్ మిగుల్చుకోండి. బిల్లు భద్రంగా ఉంచుకోవాలి, మన కస్టమ్స్ వాళ్లు అడిగేది అదే, ఉచిత పరిమితి దాటితే సుంకం కట్టాల్సిందే. విమానంలో గిటార్‌ను పైకి రానిస్తారో లేదో టికెట్ కొనేముందే కనుక్కోండి. నేను గట్టి కేసు కొని, తీగలు కొంచెం వదులు చేసి, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల భాగం) కింద తువ్వాలు కుక్కి లగేజీలో వేశాను, గీత పడలేదు. గిటార్ శబ్దాన్ని మార్చే పెడల్స్ కొంటే వాటి అడాప్టర్ మీద వోల్టేజ్ చదవండి. జపాన్‌లో 100 వోల్టులు. 100 అని మాత్రమే రాసున్న అడాప్టర్‌ను మన ప్లగ్‌లో పెడితే కాలిపోతుంది.