వారంటీ వర్తించని చక్రాల ఇల్లు

ఆర్‌వీలో, అంటే చక్రాల ఇంట్లో, కాపురం పెడదామనుకునే వాళ్లు నన్ను సలహా అడిగితే మంచం, కిటికీలు, వంటగది తర్వాత చూద్దురుగాని, ముందు వారంటీ పుస్తకం చదవండి అంటాను. మేం 61,400 డాలర్లు పోసి కొన్న ఫిఫ్త్ వీల్‌కి (ట్రక్‌కి తగిలించి లాగే ఆర్‌వీ) ఏడాది వారంటీ ఉందని షోరూమ్‌లో మాటిమాటికీ చెప్పారు. అది సరదా ప్రయాణాలకు వాడుకుంటేనే అని, అందులోనే కాపురం ఉంటే చెల్లదని ఒక్కరూ చెప్పలేదు. "ఇల్లు అమ్మేసి ఇందులోకే వచ్చేస్తున్నాం" అని మా ఆవిడ సేల్స్‌మన్‌తో నవ్వుతూ అంది. "వండర్‌ఫుల్" అన్నాడు. చెక్కు తీసుకున్నాడు.

ఈ రాతలో ఎక్కడైనా చేదు తగిలితే అది అక్కణ్ణుంచి వచ్చిందే.

మాది ఒహాయో. పాతికేళ్లు మంచు తోసీ తోసీ విసుగొచ్చింది. నేను రిటైరయ్యాను. అమ్మాయి టెక్సస్‌లో, అబ్బాయి సియాటెల్‌లో. 2022లో ఇల్లు అమ్మేసి, వెనక తగిలించుకుని లాగే 29 అడుగుల ఫిఫ్త్ వీల్, దాన్ని లాగడానికి సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్ ట్రక్ ఒకటి కొన్నాం. ట్రక్‌కి 38,900 అయింది. బండి తగిలిస్తే గ్యాలన్‌కి పది మైళ్లు కూడా రాదు, అదీ ఎదురుగాలి లేకపోతేనే.

మా ఆవిడ పెట్టిన షరతులు మూడు. దేవుడికి ఒక అర, టేబుల్‌టాప్ గ్రైండర్, కరివేపాకు మొక్క. ఇందులో గ్రైండరే ఎక్కువ రభస చేసింది. 30 ఆంప్ కనెక్షన్ మీద ఏసీ, మైక్రోవేవ్ నడుస్తుండగా ఇంకేది పెట్టినా బ్రేకర్ పడిపోతుంది. పిండి రుబ్బేటప్పుడు ఏసీ ఆపాలి, ఏసీ ఆపితే నేను బయట కూర్చోవాలి. అలా మినప్పప్పు నలిగే దాకా చాలా రాష్ట్రాల చెట్లు చూశాను.

సొంత ఇల్లు లేనివాడికి అడ్రస్ ఎలా? ఇలా తిరిగేవాళ్లలో చాలామంది సౌత్ డకోటా, టెక్సస్, ఫ్లోరిడాల్లో ఏదో ఒకటి ఎంచుకుంటారు. మూడింట్లోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. మేం సౌత్ డకోటాకి వెళ్లాం. ఉత్తరాలు అందుకుని పంపించే సర్వీసులో ఒక అడ్రస్ తీసుకుని, ఆ రాష్ట్రంలో ఒక్క రాత్రి బస చేసినట్టు క్యాంప్‌గ్రౌండ్ రసీదు చూపిస్తే డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చారు. గంటలో పనైపోయింది, కౌంటర్లో అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. బ్యాడ్‌లాండ్స్, కస్టర్ స్టేట్ పార్క్ బాగున్నాయి. నీడిల్స్ హైవే సొరంగాల్లో పెద్ద బండి పట్టదు కాబట్టి ఫిఫ్త్ వీల్ క్యాంప్‌లో వదిలేసి ట్రక్ మీదే తిరగండి.

యూటాలోని జయన్ నేషనల్ పార్క్ గురించి ఒకే మాట. 1930లో పూర్తయిన అక్కడి సొరంగంలోకి మా అంత బండి వెళ్లాలంటే అప్పట్లో పార్క్ టికెట్ కాక ఇంకో 15 డాలర్లు కట్టించుకున్నారు. ఎదురు బండ్లన్నీ ఆపి మమ్మల్ని రోడ్డు మధ్యగా పోనిచ్చారు. మా ఆవిడ కళ్లు మూసుకుని హనుమాన్ చాలీసా చదివింది. ఆ సేవకు 15 డాలర్లు ఎక్కువేం కాదు.

కరివేపాకు మొక్క కాలిఫోర్నియా సరిహద్దులో పోయింది. బ్లైత్ దగ్గర ఐ-10 హైవే మీద వ్యవసాయ తనిఖీ ఉంటుంది. పళ్లు, మొక్కలు ఉన్నాయా అని అడిగాడు. మా ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు, కుండీ తెచ్చి చూపించింది. నిమ్మ, బత్తాయి తోటల్ని చంపే రోగం ఒకటుంది, దాన్ని మోసుకొచ్చే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకని ఈ మొక్క లోపలికి రాకూడదు అని ఓపిగ్గా వివరించాడు. రూల్ సబబే. కానీ ఆ రోజు సాయంత్రం దాకా ట్రక్‌లో మాటల్లేవు. "మీరు ఆరిజోనాలోనే ఆగి ఉంటే పోయేది కాదు" అన్నది మాత్రం చాలా రోజులు విన్నాను.

తిరిగి ఆరిజోనాకే వచ్చాం. క్వార్ట్‌సైట్. మ్యాపులో చూస్తే చిన్న ఊరు, చుట్టూ ఎడారి. చలికాలం వచ్చిందంటే ఆ ఎడారంతా ఆర్‌వీలే. ఊరికి దక్షిణాన లా పోసా అని కేంద్ర ప్రభుత్వ భూమి ఉంది. మేం వెళ్లినప్పుడు 180 డాలర్ల పర్మిట్ తీసుకుంటే సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండనిచ్చేవారు. మళ్లీ చదవండి, నెలకు కాదు, సీజన్ మొత్తానికి. కరెంటు లేదు, కుళాయి కనెక్షన్ లేదు. తాగునీళ్లు పట్టుకునే చోటు, మురుగు ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్, చెత్త వేసే చోటు ఉన్నాయి. పర్మిట్ కూడా వద్దనుకుంటే చుట్టుపక్కల ఉచితంగా దిగే చోట్లున్నాయి గాని అక్కడ 14 రోజులకు మించి ఉండనివ్వరు.

మేం ఉన్న చోట్లన్నింటిలో నాకు నచ్చింది ఇదే. టెక్సస్ సముద్రతీరంలో ఒక పార్క్‌లో రోజుకు 72 డాలర్లు కట్టి, పక్కవాడి కిటికీలోంచి వాడి టీవీ చూశాం. నెలవారీ తీసుకుంటే 640 అని సంబరపడితే కరెంటు మీటర్ విడిగా ఉంది, ఆగస్టులో దానికే 231 వచ్చింది. లా పోసాలో పక్క బండికి వెళ్లాలంటే చెప్పులేసుకుని నడవాలి. పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టించుకున్నాం, 2,150 డాలర్లు. పగలు గ్రైండర్ హాయిగా తిరిగేది. రుబ్బిన పిండి గిన్నెను ఎండలో నిలబెట్టిన ట్రక్ ముందు సీట్లో పెడితే సాయంత్రానికి పొంగేది. ఒహాయో చలికాలంలో ఓవెన్ లైటు వేసి దుప్పటి కప్పినా అంతలా పొంగిన పాపాన పోలేదు.

నీళ్ల దగ్గర మాత్రం కటకటే. గిన్నెలు కడిగిన నీళ్ల ట్యాంక్ నిండిందంటే వంట ఆగిపోతుంది. మన వంటకు గిన్నెలెక్కువ. చుట్టూ ఉన్నవాళ్లు కాగితం ప్లేటులో శాండ్‌విచ్ తిని లేస్తారు, మాకు పప్పు, పులుసు, తాలింపు గరిటె. డంప్ స్టేషన్‌కి వెళ్లే పని నాది. ఆ గొట్టం సంగతి ఇంతకంటే రాయను.

జనవరిలో రంగురాళ్ల సంతలు, పాత సామాన్ల సంతలు, పెద్ద టెంట్‌లో ఆర్‌వీ ప్రదర్శన. ఊరి శ్మశానంలో రాళ్లతో పిరమిడ్‌లా కట్టిన సమాధి ఒకటుంది, పైన లోహపు ఒంటె బొమ్మ. అమెరికా సైన్యం 1850లలో ఒంటెల్ని తెప్పించి ఎడారిలో సరుకులు మోయించాలని చూసింది. వాటితో వచ్చిన హాజీ అలీ అనే ఒంటెలవాడు ఇక్కడే 1902లో పోయాడు. ఇక్కడి జనం నోట్లో ఆయన పేరు హై జాలీ అయింది. మా ఆవిడ అక్కడ ఒక పువ్వు పెట్టి, "మన పేర్లు నయం, ఇంకా సగం పలుకుతున్నారు" అంది.

ఎండలు ముదిరాక తూర్పుకు బయల్దేరాం. ఐ-40 మీద ఓక్లహోమాలో డీజిల్ కోసం ఆగితే పెట్రోల్ బంకు పక్కన పంజాబీ ధాబా. ట్రక్ డ్రైవర్లలో పంజాబీలు చాలామంది, వాళ్ల కోసం పెట్టింది. రాజ్మా, మెంతి పరాఠా, పెరుగు, పచ్చిమిరపకాయ, రెండు చాయ్‌లు. ఇద్దరికీ 27 డాలర్లు. పరాఠాలు కాలుస్తున్న ఆవిడ మా ఆవిణ్ణి లోపలికి పిలిచింది. ఒకరికి తెలుగు, ఒకరికి పంజాబీ, మధ్యలో వచ్చీరాని హిందీ. అయినా అరగంట మాట్లాడుకున్నారు. వస్తూ వస్తూ సంచీలో పచ్చిమిరపకాయలు పోయించుకొచ్చింది. అమెరికాలో ఆ రోడ్డున వెళ్లేవాళ్లు బర్గర్ తిని కడుపు పాడుచేసుకోకండి.

ఆ ధాబా దాటిన వారానికే నేల మెత్తబడింది. నిజంగానే. బండి నిలిపాక పక్కకు జరిగి హాలు పెద్దదయ్యే స్లయిడ్ అవుట్ ఉంటుంది. దాని మూల నుంచి వాననీళ్లు కారి కింద చెక్క నానిపోయింది. కాలు పెడితే దిగుతోంది. ఏడాది గడువు ఇంకా ఉంది కదా అని ధీమాగా డీలర్ దగ్గరికి లాక్కెళ్లాం. సర్వీస్ మేనేజర్ ఫారం ఇచ్చాడు. "ప్రస్తుత నివాసం" అన్నచోట మా ఆవిడ ఇదే బండి అని రాసింది. ఆయన లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చి, చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. నివాసంగా వాడితే వర్తించదు. కొనేటప్పుడు మీకు చెప్పాం కదా అన్నాను. అమ్మే విభాగం వేరు, మాది వేరు అన్నాడు. రెండు విభాగాల మధ్య ఒక అద్దం తలుపే అడ్డం. ఆ తలుపు అవతల మా సేల్స్‌మన్ ఇంకో జంటకు కాఫీ ఇస్తున్నాడు.

మరమ్మతుకు 6,870 డాలర్లు అన్నారు. సరే కానివ్వండి అంటే విడిభాగాలు రావాలన్నారు. అమెరికా ఆర్‌వీల్లో ఎక్కువ భాగం ఇండియానాలో ఎల్‌కార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. కోవిడ్ పుణ్యమా అని 2021లో ఆరు లక్షల పైచిలుకు బండ్లు ఫ్యాక్టరీలు దాటాయి. ఆ ఏడాది సరుకే మాది. అంత తొందరలో బిగించినవాటికి ఎన్ని మూలలు కారాయో గాని, ప్రతి సర్వీస్ సెంటర్ బయటా బండ్లు బారులు తీరి ఉన్నాయి.

కారు పాడైతే ఇంటికెళ్లి కూర్చుంటాం. ఇల్లే వర్క్‌షాప్‌లో ఉంటే? దేవుడి అరలోని పటాలు, రెండు సూట్‌కేసులు, కుక్కర్ ట్రక్‌లో వేసుకుని మోటెల్‌కి వెళ్లాం. వారానికి 389 డాలర్లు, పన్ను అదనం. నడిపేది ఒక గుజరాతీ కుటుంబం. వాళ్లు చాలా మంచివాళ్లు. చిన్న స్టవ్ ఉన్న గది ఇచ్చారు, ఆదివారం ఢోక్లా పంపారు. కానీ ఫోన్ చేసినప్పుడల్లా డీలర్ "వచ్చే వారం" అనడం, మేం ఇంకో వారానికి డబ్బు కట్టడం. నెల దాటిపోయింది. మా ఆవిడ గొడవపడే మనిషి కాదు. ఒక రాత్రి పటాలు టీవీ పక్కన సర్దుతూ, "ఏమండీ, వీళ్లకైనా ఒక గోడ చూడండి" అంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

బండి చేతికొచ్చాక ఇంకో చలికాలం లా పోసాలో గడిపాం. బాగానే గడిచింది. కానీ వాన మొదలైతే చాలు, ఇద్దరం లేచి టార్చి పట్టుకుని మూలలు తడుముకోవడమే. అలా నిద్ర పడుతుందా?

అమ్మాయి ఉండేది రౌండ్ రాక్‌లో. దానికి ఉత్తరాన జార్జ్‌టౌన్‌లో రెండు గదుల ఇల్లు కొన్నాం. టెక్సస్‌లో ఆదాయపు పన్ను లేదని మురిసిపోయేవాళ్లు ఇంటి పన్ను బిల్లు కూడా చూడండి. మాకు ఏడాదికి 6,200. అరవై అయిదు నిండితే అందులో స్కూలు పన్ను వాటా అక్కడితో పెరక్కుండా ఆగుతుంది. అప్లికేషన్ పెట్టుకోవాలి, మరిచిపోకండి. ఫిఫ్త్ వీల్ ఇంటి ముందు పెట్టుకుందామంటే కాలనీ అసోసియేషన్ రెండు రోజులకు మించి కుదరదని ఉత్తరం పంపింది. బయట స్టోరేజ్‌లో నెలకు 145 కడుతూ కొన్నాళ్లు నెట్టుకొచ్చి, చివరికి 34,500కి అమ్మేశాం. కొన్నవాళ్లు కుర్ర జంట, ఇందులోనే కాపురం అన్నారు. స్లయిడ్ మూల చూపించాను, మరమ్మతు బిల్లు చేతిలో పెట్టాను. మామూలు ఆర్‌వీ ఇన్సూరెన్స్ సరిపోదు, అందులోనే నివసించేవాళ్లకు విడిగా పాలసీ ఉంటుంది, అది తీసుకోండి అని చెప్పాను. నాకైతే అమ్మినవాడు ఇందులో ఒక్కటీ చెప్పలేదు.

ఇంకా మనసు లాగుతున్నవాళ్లకు నా సలహా. కొత్తది కొనకండి. మూడు నాలుగేళ్లు వాడింది తీసుకోండి, ధర ఎలాగూ సగానికి దగ్గరపడుతుంది, దానికి వారంటీ లేదని ముందే తెలుస్తుంది. మరీ పాతదైనా చిక్కే, పదేళ్లు దాటిన బండ్లను చాలా ప్రైవేటు పార్కులు రానివ్వవు. మోటెల్ ఖర్చుకని కనీసం మూడు వేలు పక్కన పెట్టుకోండి. సొంత ఇల్లు అప్పుడే అమ్మకుండా అద్దెకిచ్చి బయల్దేరితే ఇంకా మంచిది.

మా ఆవిడ ఈ జనవరికి క్వార్ట్‌సైట్ అంటోంది. లా పోసాలో 14 రోజుల పర్మిట్ మేం ఉన్నప్పుడు 40 డాలర్లే. అద్దె క్యాంపర్‌కి ఫీనిక్స్‌లో అడిగితే రోజుకు 139, మైళ్ల లెక్క విడిగా అన్నారు. ఆమె వారం చాలంటుంది, నేను పది రోజులకు బేరమాడుతున్నాను.