రిఫరెన్స్ డాక్స్: అకారాది క్రమమా, పనుల వారీగానా? ఏది మేలు?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష డాక్స్‌లో (వాడుక వివరాలుండే పేజీల్లో) స్ట్రింగ్ మెథడ్‌ల, అంటే అక్షరాల వరుసలపై పనిచేసే ఫంక్షన్ల, వివరణలు అక్షర క్రమంలో ఉంటాయి. ఎల్‌స్ట్రిప్ 'ఎల్' దగ్గర, ఆర్‌స్ట్రిప్ 'ఆర్' దగ్గర, స్ట్రిప్ 'ఎస్' దగ్గర. మూడూ చేసేది ఒకే పని, అంచుల్లోని అక్షరాలు తీసేయడం: మొదటిది ఎడమ, రెండోది కుడి, మూడోది రెండు వైపులా. ఒక్క తల్లి పిల్లలు మూడు ఊళ్లలో పెరుగుతున్నట్టు. పేరు తెలిసినవాడికి ఇబ్బందేమీ లేదు, నేరుగా వెళ్తాడు. తెలియనివాడి సంగతే కష్టం.

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. ఫైలు పేరు చివర 'డాట్ టీఎక్స్‌టీ' తీసేద్దామని ఆర్‌స్ట్రిప్ వాడాను. అది ఇచ్చినదాన్ని ఒక ముక్కగా చూడదు, విడి అక్షరాలుగా చూస్తుంది. 'రిపోర్ట్' చివరి 'టీ'ని కూడా మింగేసింది. నాక్కావలసింది చివరి ముక్కను ముక్కగానే తీసేసే రిమూవ్‌సఫిక్స్, అది పైథాన్ 3.9 వెర్షన్ నుంచే ఉంది, నేనే చూసుకోలేదు. ఆర్‌స్ట్రిప్ వివరణలోనే 'దాన్ని చూడండి' అని ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం మొత్తం క్రమం కంటే ఎక్కువ పని చేస్తుంది.

మరి పనుల వారీగా పెడితే? మన అమరకోశం అలాంటిదే, వనౌషధులన్నీ ఒక వర్గంలో ఉంటాయి. కంఠస్థం చేసేవాళ్లకు అది బాగా కుదిరింది. కానీ ఏది ఏ వర్గమో ఎవరు తేల్చాలి? పైథాన్‌లో లిస్ట్ (జాబితా)లోని ముక్కల్ని కలిపే జాయిన్ ఒక స్ట్రింగ్ మెథడ్, కొత్తవాళ్లేమో లిస్ట్ దగ్గర వెతుకుతారు.

పీహెచ్‌పీ అనే మరో ప్రోగ్రామింగ్ భాష మాన్యువల్‌లో ఫంక్షన్‌కో పేజీ. లింకు పంపడానికి హాయి, పక్కదాని వివరణ చదవాలంటే మాత్రం ఇంకో పేజీకి వెళ్లాలి.

నా ఓటు పైథాన్ డాక్స్‌లోనే ఉన్న ఇటర్‌టూల్స్ పేజీకి. విలువల్ని ఒక్కొక్కటిగా వరుసలో అందించే ఫంక్షన్ల పేజీ అది. పైన పట్టికలు మూడు గుంపులుగా ఉంటాయి: ఎంతకీ ఆగనివి, ఇచ్చిన వరుస అయిపోగానే ఆగేవి, ప్రస్తారాలు-సంయోగాల్లాంటివి. కింద వివరణలు మాత్రం అకారాదిలోనే. పేరు తెలియనివాడు పైన వెతుక్కుంటాడు, తెలిసినవాడు కిందికి దిగిపోతాడు. జాయిన్ లాంటివాటిని పట్టికలో రెండు చోట్ల చూపించినా నష్టం లేదు, వివరణ ఒక్కచోటే ఉంటే చాలు.

దీనికీ ఒక ఖర్చుంది. అకారాది జాబితాను టూల్ తయారుచేసి ఇస్తుంది, గుంపులు మాత్రం మనిషే వేయాలి. రెండు రిలీజ్‌లు దాటేసరికి పట్టిక పాతబడుతుంది. అందుకే మా టీమ్‌లో కొత్త ఫంక్షన్ రాసినవాళ్లే పట్టికలో దాని వరుస కూడా చేర్చాలని పెట్టుకున్నాం. చేర్చకపోతే కోడ్ రివ్యూ దాటదు.